పాత స్పోర్ట్స్ కారు బాగు చేయించాలంటే: ఇంజన్ కంటే ముందు చూడాల్సినవి

క్లుప్తంగా

ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడిపోయిన స్పోర్ట్స్ కారు పని మధ్యలో ఆగిపోతే అందరూ ఇంజన్‌నే తిడతారు కానీ, ఎక్కువసార్లు తప్పేది పనుల వరుస. ముందు కాగితాలు, తర్వాత రేకు, ఆ తర్వాత ఇంజన్, చిట్టచివర రంగూ సీట్లూ. ఈ వరుస పాటిస్తే ఎక్కడ ఆగినా పెద్దగా నష్టం ఉండదు. కర్నూలు, అనంతపురం, కడప వైపు ఎండ రేకుకు మేలు చేస్తుంది, రబ్బరును చంపుతుంది, బోరు నీళ్లు రేడియేటర్‌ను పూడ్చేస్తాయి. చెన్నైలోనో ఇంగ్లండ్‌లోనో రాసుకున్న ప్లాను ఇక్కడికి అలాగే పనికిరాదు.

ఇప్పుడే ఈ గందరగోళం ఎందుకు

పాత బండ్లున్న వాళ్లను ఈ మధ్య మూడు విషయాలు టెన్షన్ పెడుతున్నాయి. ఒకటి, 2025 ఆగస్టులో కేంద్రం 20 ఏళ్లు దాటిన వాహనాల రిజిస్ట్రేషన్ రెన్యువల్ ఫీజులు పెంచింది. మామూలు కారుకు 10,000 రూపాయలు, దిగుమతి చేసుకున్న నాలుగు చక్రాల బండికి ఏకంగా 80,000. రెండు, బంకుల్లో ఇప్పుడు దొరుకుతున్నది 20 శాతం ఇథనాల్ కలిసిన ఈ-20 పెట్రోలు, అది పాత కార్బొరేటర్ బండ్లకు పడుతుందా పడదా అన్న ప్రశ్న. మూడోది ఢిల్లీ వార్తలు. అక్కడ పెట్రోలు బండికి 15 ఏళ్లు, డీజిల్ బండికి 10 ఏళ్లు అన్న హద్దు ఉందని విని, తాత కొన్న కారు ఇక తుక్కుకే అనుకుంటున్న వాళ్లు చాలామంది. ఆ హద్దు ఢిల్లీ రాజధాని ప్రాంతానిది, ఆంధ్రప్రదేశ్‌ది కాదు. ఇక్కడ ప్రైవేటు కారుకు మొదటి 15 ఏళ్ల తర్వాత ఐదేళ్లకొకసారి తనిఖీ చేయించి రెన్యువల్ చేసుకోవచ్చు. బండి కండిషన్‌లో ఉంటే అంతే సంగతి.

కాబట్టి బాగు చేయించవచ్చా అనే ప్రశ్నకు జవాబు సులువే, చేయించవచ్చు. చిక్కంతా ఎంతవరకు, ఏ వరుసలో, ఏ ఊళ్లో అన్నదాని దగ్గరే వస్తుంది.

ఏ కారు, దానికి ఇక్కడ చుట్టాలెవరు

స్పోర్ట్స్ కారు అనగానే కళ్ల ముందు కనిపించేది ఎర్ర రంగు, రెండు సీట్లు, తెరుచుకునే టాపు. కానీ ప్లాను వేసేవాడు ముందు అడగాల్సింది, ఈ కారుకు మన దేశంలో చుట్టాలు ఉన్నారా అని. ఉంటే సగం సామాను ఇక్కడే దొరుకుతుంది, లేకపోతే ప్రతి బుష్షూ ఓడ ఎక్కి రావాలి.

ట్రయంఫ్ స్పిట్‌ఫైర్‌నే తీసుకోండి. 1962లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఈ చిన్న కారు మొదలైందే ట్రయంఫ్ హెరాల్డ్ ఛాసిస్ (అడుగున ఉండే చట్రం) నుంచి, రెండింటినీ గీసింది ఇటలీకి చెందిన మికెలోట్టి. ఆ హెరాల్డే 1961 నుంచి మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ పేరుతో తయారైంది, అప్పట్లో డాక్టర్లూ ప్లీడర్లూ నడిపిన ఆ కారు మన పెద్దవాళ్లకు బాగానే గుర్తుంటుంది. అందుకే స్పిట్‌ఫైర్ ముందు సస్పెన్షన్, స్టీరింగ్ ర్యాక్ లాంటి వాటి పనితీరు హెరాల్డ్ విప్పిన పాత మేస్త్రీకి కొత్త కాదు. అయితే చుట్టరికం ఉంది కదా అని అన్నీ ఇచ్చి పుచ్చుకోలేం. హెరాల్డ్ ఇంజన్ 948 సీసీ, మొదటి స్పిట్‌ఫైర్ ఇంజన్ 1147 సీసీ. రెండింటి స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 76 మిల్లీమీటర్లే, బోరు (సిలిండర్ వ్యాసం) మాత్రం ఒకదానికి 63, ఇంకోదానికి 69.3. అంటే కుటుంబం ఒకటే అయినా పిస్టన్లు సరిపోవు.

ఇంకా ముఖ్యమైన తేడా కింద ఉంటుంది. హెరాల్డ్‌కు ఛాసిస్ పక్కల కూడా పట్టీలు ఉంటాయి, కాబట్టి పైనున్న బాడీ కాస్త తుప్పు పట్టినా బండి నిలబడుతుంది. స్పిట్‌ఫైర్‌లో ఆ పక్క పట్టీలు తీసేసి మధ్యలో వెన్నెముక లాంటి ఛాసిస్ ఒక్కటే ఉంచారు, పక్కల బలమంతా తలుపుల కింద ఉండే పెట్టె లాంటి రేకు, అంటే సిల్లు, ఇవ్వాలి. హెరాల్డ్ అలవాటుతో స్పిట్‌ఫైర్ సిల్లును కోసేస్తే కారు మధ్యలో కుంగుతుంది, తర్వాత తలుపులు మూసుకోవు.

ఎంజీ కార్లలోనూ ఇలాంటి కథే. 1955లో వచ్చిన ఎంజీఏలో ఉన్నది 1489 సీసీ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) బి-సిరీస్ ఇంజన్, మన అంబాసిడర్‌లో దశాబ్దాల పాటు తిరిగిందీ అదే కుటుంబం, అదే 1489 సీసీ. కార్బొరేటర్లూ కంప్రెషనూ వేరు కానీ, ఆ ఇంజన్ స్వభావం తెలిసిన మెకానిక్ రాయలసీమలో ఏ తాలూకా కేంద్రంలోనైనా ఒకప్పుడు ఉండేవాడు. 1962 నుంచి 1980 దాకా వచ్చిన ఎంజీబీకి అసలు విడి ఛాసిస్సే లేదు, రేకే ఛాసిస్. లోపలి సిల్లు, మధ్య పలక, బయటి సిల్లు, ఈ మూడు పొరలు కలిస్తేనే బలం. దానికి ఒక మంచి కబురు కూడా ఉంది. 1988 నుంచి ఇంగ్లండ్‌లో ఎంజీబీకి కొత్త బాడీ షెల్లులే తయారు చేసి అమ్ముతున్నారు. ఓడ ఖర్చు, కస్టమ్స్ సుంకం, జీఎస్టీ కలిపితే ధర గుండె ఆగేలా ఉండొచ్చు, కానీ అలాంటి దారి ఉందన్నదే ఆ కారు భవిష్యత్తుకు భరోసా. చుట్టాలూ లేక, విదేశంలో సామానూ దొరకని కారైతే మాత్రం పూర్తిగా విప్పకపోవడమే తెలివైన పని.

కాగితాలు: రెండు దారులు

ఇది బోరు కొట్టే భాగం, కానీ ఇక్కడ తప్పితే మిగతాదంతా వృథా.

2021 జులైలో కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో వింటేజ్ వాహనాలకు ప్రత్యేక ఏర్పాటు వచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్లలో పెద్ద మార్పు జరగని బండికి నంబర్లో రాష్ట్రం అక్షరాల తర్వాత ‘వీఏ’ అన్న సిరీస్ ఇస్తారు. కొత్తగా రిజిస్టర్ చేయడానికి 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత మళ్లీ చేయించడానికి 5,000. ఇంతకుముందే రిజిస్టరైన బండి పాత నంబరును అట్టిపెట్టుకోవచ్చు. మెలిక ఏమిటంటే వీఏ బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శన, వింటేజ్ ర్యాలీ, వాటికి పోయి రావడం, పెట్రోలు పోయించుకోవడం, రిపేరు, ఇంతే.

రెండో దారి మామూలు రిజిస్ట్రేషన్‌నే ఐదేళ్లకొకసారి పొడిగించుకోవడం. ఆదివారం సాయంత్రం బెలుం గుహల దాకానో గండికోట దాకానో పోయి రావాలనే కోరిక ఉంటే ఇదే సరైనది. ఇక్కడ తయారైన కారైతే 10,000 దగ్గర తేలిపోతుంది. ఆర్‌సీలో దిగుమతి బండి అని ఉంటే ఐదేళ్లకు 80,000, అప్పుడు పదేళ్లకు 20,000 అడిగే వీఏ దారి ఎంత చవకో వేరే చెప్పక్కర్లేదు. సొంతదారు ఎటు పోవాలో పని మొదలుపెట్టే ముందే తేల్చుకోవాలి, ఎందుకంటే ఆ నిర్ణయమే ఇంజన్‌ను శాసిస్తుంది. దొరకని ఇంజన్‌కు బదులు ఏదో మారుతి ఇంజన్ ఎక్కిద్దాం అన్న సలహా ఏ షెడ్డులోనైనా మొదటి రోజే వినిపిస్తుంది. ఆ పని చేస్తే వీఏ అర్హత పోతుంది. మామూలు రిజిస్ట్రేషన్‌లోనూ మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డొస్తుంది, అనుమతి లేకుండా తయారీదారు ఇచ్చిన వివరాలు మార్చకూడదు.

ఇంకో రెండు చిన్న విషయాలు. కారు తాతగారి పేరు మీదే ఉండి ఆయన లేకపోతే, వారసుల పేరుకు మార్చుకోవడానికి ఫారం 31 ఉంది. అన్నదమ్ముల సంతకాలు బండి ముక్కలుగా ఉన్నప్పుడే సులువుగా దొరుకుతాయి, మెరిసిపోతూ బయటికొచ్చాక కాదు. ఇది చట్టంలో రాసి లేదు కానీ ఏ కుటుంబాన్ని అడిగినా చెబుతారు. రెండోది, ఛాసిస్ నంబరు. టింకరింగ్ చేసేటప్పుడు గ్రైండర్ ఒక్కసారి ఆ పంచింగ్ మీదుగా వెళ్లిందంటే కారు ఉన్నా లేనట్టే. పని మొదలుకాకముందే పెన్సిల్‌తో రుద్ది ట్రేసింగ్ తీసుకుని, ఫోటో తీసి, ఆ చోటు మీద టేపు అంటించాలి.

సీమ ఎండ ఏం కాపాడుతుంది, ఏం తింటుంది

దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో అనంతపురం ఒకటి, ఏడాది సగటు సుమారు 550 మిల్లీమీటర్లు. రైతుకు శాపమైన ఈ లెక్క పాత రేకుకు మాత్రం వరం. ఇనుము తుప్పు పట్టాలంటే తేమ కావాలి, ఉప్పు తోడైతే ఇంకా వేగం. విశాఖలోనో చెన్నైలోనో సముద్రపు గాలి తగిలే షెడ్డులో ఇరవై ఏళ్లున్న కారుకూ, గుత్తి పక్కన రేకుల షెడ్డులో అంతే కాలం ఉన్న కారుకూ నేల రేకు దగ్గరే తేడా తెలిసిపోతుంది. అందుకే ఇక్కడ దొరికే కారు చూడ్డానికి దరిద్రంగా ఉన్నా లోపల గట్టిగా ఉండే అవకాశం ఎక్కువ.

కానీ దీనికి రెండు మినహాయింపులు. సీమ దుమ్ము సన్నగా ఉంటుంది, అది సిల్లు కింద, తలుపు అడుగున నీళ్లు పోయే రంధ్రాలను మెల్లగా పూడుస్తుంది. ఏడాదిలో పడే నాలుగు గట్టి వానల నీళ్లు బయటికి పోయే దారి లేక లోపలే నిలిచి, పైన రంగు చెక్కుచెదరకుండానే లోపలి నుంచి తినేస్తాయి. రెండోది వరద. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు మునిగినప్పుడు ఎన్నో బండ్లు నీళ్లలో నానాయి. 2021 నవంబరులో చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగినప్పుడు రాజంపేట వైపు ఊళ్లదీ అదే గతి. అలాంటి బండిని పైన కడిగేస్తే ఏమీ కనిపించదు. సిల్లు లోపల, ఛాసిస్ పెట్టెల్లో ఒండ్రు మాత్రం అలాగే ఉండిపోయి, గాలిలో తేమ పెరిగినప్పుడల్లా తడిని పట్టి ఉంచుతుంది. కాబట్టి ఇక్కడ కారు కొనేవాడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగడం కంటే ఏ ఏడాది ఎక్కడుందని అడగడం మేలు. తలుపు ట్రిమ్ తీసి లోపల వేలు పెడితే మట్టి గీత కనిపిస్తుంది, అది అబద్ధం చెప్పదు.

ఎండ తినేది రబ్బరును. మే నెలలో 42, 43 డిగ్రీల వేడికి గాలి ఆడని షెడ్డులో బుష్షులు, అద్దాల బీడింగులు, పెట్రోలు గొట్టాలు, బ్రేకు సీళ్లు అన్నీ ఎండిన చింతబొట్ల మాదిరి గట్టిపడతాయి. టైరుకు గాట్లు నిండుగా ఉన్నా పక్క గోడ పగిలి ఉంటే అది టైరు కాదు. ఇవన్నీ వాడకుండా ఉన్నా చెడిపోయేవి, కాబట్టి బాగున్నాయా అని పరీక్షించడంలో అర్థం లేదు, మొత్తం మార్చాలని లెక్కలో ముందే రాసుకోవాలి.

ఎలుకల సంగతి కూడా చెప్పాలి. బుడ్డల (వేరుశనక్కాయల) మూటలు పెట్టే షెడ్డులోనే కారూ ఉంటే సీటు కింద గూడు ఖాయం. వైరింగ్ కొరికేస్తాయి, వాటి మూత్రం నేల రేకును వానకంటే వేగంగా తింటుంది.

విప్పడానికి ముందు, విప్పిన తర్వాత

అయస్కాంతం, స్క్రూ డ్రైవరు, చిన్న సుత్తి, సెల్‌ఫోన్ ఉంటే మొదటి సర్వే అయిపోతుంది. అయస్కాంతం పట్టని చోట రంగు కింద పుట్టీ ఉంది. స్క్రూ డ్రైవరుతో పొడిస్తే దిగిపోయే చోట రేకు లేదు. తలుపుకూ బాడీకీ మధ్య సందు పైన ఎక్కువ, కింద తక్కువ ఉంటే కారు ఇప్పటికే కుంగింది. ఈ సందులను కొలిచి రాసుకోవడం మర్చిపోతే తర్వాత ఏది సరైన కొలతో చెప్పేవాడే ఉండడు.

టాపు లేని కారుకు సిల్లు కోసే ముందు తలుపు ఉండే చోట రెండు స్తంభాలకూ అడ్డంగా ఇనుప పైపు వెల్డింగ్ పెట్టాలి. పైకప్పు లేదు కనుక సిల్లు తీసిన మరుక్షణం కారును కలిపి ఉంచేది ఆ పైపు ఒక్కటే. నేల కూడా మట్టంగా ఉండాలి. కడప బండలు పరిచిన షెడ్డు చూడ్డానికి చదునుగానే ఉంటుంది కానీ నీటి మట్టం పెట్టి చూస్తే బండకూ బండకూ తేడా దొరుకుతుంది. స్టాండ్ల కింద ఆ తేడా సరిచేయకపోతే వంకర కారునే జాగ్రత్తగా వెల్డింగ్ చేసినట్టవుతుంది.

విప్పిన కారు అసలు కారు కంటే రెండు మూడింతల చోటు పడుతుందన్నది చాలామంది లెక్కలోకి తీసుకోరు. ప్రతి నట్టూ బోల్టూ ఎక్కడిదో రాసి సంచుల్లో పెట్టాలి, ముఖ్యంగా బ్రిటిష్ కార్లకు, ఎందుకంటే వాటి కొలత అంగుళాల్లో ఉంటుంది. అర అంగుళం అంటే 12.7 మిల్లీమీటర్లు, దానికి మన 13 నంబరు పానా వేస్తే వదులుగా పట్టి బోల్టు మూలలు అరిగిపోతాయి. ఒక సెట్టు అంగుళాల పానాలు కొనడం మొదటి ఖర్చుగా రాసుకోవడం మంచిది.

విప్పాక వరుస ఇది. రేకు పని పూర్తి చేసి, రంగు వేయకుండానే తలుపులు, బానెట్, అద్దాలు, గ్రిల్లు అన్నీ ఒకసారి బిగించి చూడాలి. అన్నీ కుదిరాక మళ్లీ విప్పి రంగు. ఈ ఉత్తుత్తి బిగింపును దండగ అనుకుని ముందే రంగు వేయించేసి, తర్వాత తలుపు మూసుకోక కొత్త రంగు మీదే సుత్తి వేసిన కార్లు తక్కువేమీ కాదు. రంగు కనిపిస్తుంది, అందుకే అందరికీ దాని మీదే తొందర.

నీళ్లు, పెట్రోలు, కరెంటు

అనంతపురం జిల్లా బోరు నీళ్లలో ఖనిజాలు ఎక్కువన్నది కొత్త విషయం కాదు, ఇంట్లో గీజరు కాయిల్ చూస్తే తెలుస్తుంది. అవే నీళ్లు ఏళ్ల తరబడి పోసిన ఇంజన్‌లో నీటి దారుల్లో తెల్లటి పొర కడుతుంది, వెనక సిలిండర్ చుట్టూ మడ్డి పేరుకుంటుంది. ఆ సిలిండర్ మిగతావాటి కంటే వేడెక్కి హెడ్ గాస్కెట్ (ఇంజన్ పై భాగం కింద ఉండే సీలు) పోతుంది. గాస్కెట్ మార్చి మళ్లీ బోరు నీళ్లే పోస్తే ఆరు నెలల్లో అదే కథ. బ్లాకు పక్కనుండే చిన్న మూతలు ఊడదీసి లోపల గీకి కడగాలి, రేడియేటర్‌కు కొత్త కోర్ వేయించాలి, తర్వాత కూలంట్, డిస్టిల్డ్ వాటర్ మాత్రమే.

ఈ-20 విషయంలో భయం కొంత నిజం, కొంత అతి. మామూలు పెట్రోలు కాలడానికి బరువులో 14.7 రెట్ల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 రెట్లు చాలు. ఈ-20కి అది సుమారు 13.5. కార్బొరేటర్‌కు ఈ సంగతి తెలియదు, పాత లెక్కలోనే పెట్రోలు వదులుతుంది, దాంతో మిశ్రమం పలచబడి ఇంజన్ వేడెక్కుతుంది, పికప్ తగ్గుతుంది. కొత్త కార్లలో కంప్యూటర్ సర్దుకుంటుంది, ఇక్కడ మనిషి సర్దాలి. ఎస్‌యూ కార్బొరేటర్ అయితే పెట్రోలు వచ్చే జెట్టును కొంచెం దించాలి, అది చాలకపోతే అందులో దిగే నీడిల్ (సూది) మార్చాలి. ఇథనాల్ తేమను పీల్చుకుంటుంది, పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. అందుకని ట్యాంకు నుంచి కార్బొరేటర్ దాకా ఉన్న రబ్బరంతా ఇథనాల్‌ను తట్టుకునే రకంతో మార్చాలి, ఎలాగూ ఎండకు పోయిన రబ్బరే కాబట్టి ఇది అదనపు ఖర్చు కాదు. నెలల తరబడి నిలబెట్టే బండిలో ట్యాంకు నిండా ఈ-20 ఉంచడం మాత్రం మంచిది కాదు.

మన దేశంలో సీసం కలిపిన పెట్రోలు 2000లో పూర్తిగా ఆగిపోయింది. అంతకుముందే నిలబడిపోయిన కారు హెడ్‌లో పాత మెత్తటి వాల్వ్ సీట్లే ఉంటాయి, సీసం లేని పెట్రోలుకు అవి అరుగుతాయి. హెడ్ ఎలాగూ లేత్ షాపుకు వెళుతుంది కాబట్టి గట్టి సీట్లు అప్పుడే వేయించేస్తే తీరిపోతుంది. వేసవిలో ఇంజన్ పక్కనే ఉన్న పెట్రోలు పంపు వేడెక్కి లోపల ఆవిరి పట్టి బండి ఆగిపోవడం ఇంకో బాధ, పెట్రోలు గొట్టాన్ని సైలెన్సర్ పైపుకు దూరంగా తిప్పి మధ్యలో ఒక రేకు అడ్డు పెడితే చాలావరకు తగ్గుతుంది.

కరెంటు దగ్గర ఒకే ఒక్క హెచ్చరిక. 1960ల నడిమి దాకా వచ్చిన చాలా బ్రిటిష్ కార్లలో బ్యాటరీ పాజిటివ్ తీగే బాడీకి కలిపి ఉంటుంది. అలవాటు కొద్దీ నెగటివ్‌ను బాడీకి బిగించే ఎలక్ట్రీషియన్‌కు ఈ మాట ముందే చెప్పాలి, బ్యాటరీ మీద రాసి అంటించినా తప్పులేదు.

ఏ పని ఏ ఊళ్లో

ట్రాక్టర్లు, లారీలు, బోరు బండ్లు తిరిగే ప్రాంతం కాబట్టి బోరింగ్, క్రాంక్ గ్రైండింగ్, హెడ్ ఫేసింగ్ చేసే లేత్ షాపులకు ఇక్కడ కొదవ లేదు. స్పోర్ట్స్ కారు ఇంజన్ అయినా దానికి కావాల్సింది అవే మిషన్లు, కొలత సరిగ్గా రాసిస్తే చాలు. రేకు పని అలా కాదు. ఇప్పటి బాడీ షాపులు దెబ్బ తిన్న ప్యానెల్ తీసి కొత్తది వేస్తాయి, పలచని రేకును సుత్తితో వంచి ఆకారం తెచ్చే టింకరింగ్ మేస్త్రీలు అంబాసిడర్, ఫియట్ కాలం వాళ్లు. వాళ్లకు వయసు మీద పడుతోంది. ఈ ప్లానులో అన్నిటికంటే తొందరగా చేయాల్సిన పని ఏదైనా ఉంటే, అలాంటి మేస్త్రీని వెతికి పట్టుకోవడమే. ఆయన దొరికితే మిగతా పనులు ఆయన తీరిక చుట్టూ సర్దుకోవాలి.

సామానుకు మూడు దిక్కులు. అనంతపురం వాళ్లకు 44వ నంబరు హైవే మీద సుమారు 210 కిలోమీటర్ల దూరంలో బెంగళూరు జేసీ రోడ్డు, కర్నూలు వాళ్లకు అంతే దూరంలో హైదరాబాద్ రాణిగంజ్, కడప వాళ్లకు చెన్నై పుదుప్పేట. స్టాండర్డ్ కార్లు పుట్టిన ఊరు మద్రాసే కాబట్టి హెరాల్డ్ కుటుంబానికి చెన్నై వైపు వెతకడమే మేలు. ట్రయంఫ్ ముందు చక్రాల దగ్గర ఉండే ఇత్తడి ట్రునియన్ (చక్రం పక్కకు తిరగడానికి ఉండే కీలు ముక్క) మాత్రం పాతది దొరికినా కొనకూడదు. దానికి గ్రీజు కాదు, గేరు ఆయిల్ పోయాలి. తెలియక గ్రీజు కొట్టిన చోట ఆయిల్ అందక పైనున్న ఇనుప కడ్డీ లోపల తుప్పు పట్టి, ఒకరోజు నడిరోడ్డు మీద విరిగి చక్రం పక్కకు వాలిపోతుంది. అది ఎవరి చేతిలో ఏ గ్రీజు తిందో గుజిరీలో చెప్పేవాడు లేడు.

ఇంజన్ తిరిగాక మొదటి 800 కిలోమీటర్ల దాకా లాగకూడదు, కొత్త రింగులు బోరుకు అలవాటు పడాలి. 20డబ్ల్యూ-50 ఆయిల్ ఇప్పటికీ ఎక్కడైనా దొరుకుతుంది, ఇక్కడి వేడికి అదే సరిపోతుంది. ఆ కిలోమీటర్లు అయ్యాక ఆయిల్ దించి, హెడ్ బోల్టులు మళ్లీ బిగించి, టాపెట్లు సరిచూసి, బ్రేకులు నాలుగు చక్రాలకూ సమానంగా పడుతున్నాయో లేదో ఖాళీ రోడ్డు మీద చూసుకుని, అప్పుడు ఆర్టీఓ తనిఖీకి తీసుకెళ్లాలి. ఆ రోజు ఛాసిస్ నంబరు మీద అంటించిన టేపు తీయడం మర్చిపోవద్దు.